నల్ల రింగుకు షోకాజ్ నోటీసు

కదిరి దాటి కొంత దూరం పోతే, రాళ్ళ గుట్టల మధ్య ఒక ఉన్నత పింగాణీ పరిశోధనా సంస్థ ఉంది. పింగాణీ అనగానే కప్పులూ సాసర్లూ గుర్తుకు రావడం సహజమే గానీ, అక్కడ చేయవలసింది ఆ పింగాణీ కాదు. నిప్పుల్లో పెట్టినా కరగనిదీ, ఇసుకతో రుద్దినా అరగనిదీ, ఇనుము చేతులెత్తేసిన చోట నిలబడి పని చేసేదీ అయిన పింగాణీ. ఈ సంగతి గేటు పక్కన నల్లరాతి పలక మీద బంగారు అక్షరాలతో చెక్కి ఉంది. ఉద్యోగులు పొద్దున దాన్ని చూసుకుంటూ లోపలికి వెళ్ళేవారు, సాయంత్రం దాన్ని చూసుకుంటూ ఇళ్ళకు పోయేవారు.

వాళ్ళలో ఓబుళపతి కొంచెం తేడా మనిషి. అతను పని చేసేవాడు. డాక్టరేటు ఉన్న శాస్త్రవేత్తే అయినా, మీటింగుల్లో ఆవులింతకు తప్ప నోరు తెరవని నెమ్మదస్థుడు. సిలికాన్ కార్బైడు పొడిని నూరి, అచ్చులో వత్తి, ఫర్నేసులో కాల్చి, అద్దంలా సానపట్టి, అరచేతిలో ఇమిడే నల్లటి రింగు ఒకటి తయారు చేయాలని ఏళ్ళ తరబడి తంటాలు పడుతున్నాడు. బోరు మోటారు అడుగున ఇరుసు బరువంతా మోసే రింగు అది. ఆ ప్రాంతంలో తొమ్మిది వందల అడుగులు దిగితే గానీ నీళ్ళు తగలవు. తగిలిన నీళ్ళతో పాటు ఇసుక వస్తుంది. ఇసుక మామూలు రింగును శనగలు నమిలినట్టు నమిలేస్తుంది. రింగు పోతే మోటారు కాలుతుంది. మోటారు కాలితే పైరు ఎండుతుంది.

కదిరిలో మోటార్లు బాగు చేసే మస్తాన్ అప్పుడప్పుడూ మోపెడ్ మీద వచ్చి, ఓబుళపతి పని చేసే షెడ్డు గుమ్మంలో నిలబడి, రింగు అయిందా అని అడిగేవాడు. ఇంకా లేదంటే నొచ్చుకునేవాడు కాదు.

"సరే సార్, నిదానంగానే చేయండి. కాలేటివి ఎట్లా కాల్తానే ఉంటాయి" అని చెప్పి పోయేవాడు.

ఆ నిదానపు మాట ఓబుళపతికి తిట్టుకన్నా లోతుగా దిగేది. చివరికి ఒక రింగు కుదిరింది. సరిగ్గా ఆ రోజుల్లోనే సంస్థకు మృణ్మయి వచ్చింది.

మృణ్మయి అంటే మనిషి కాదు. సంస్థ డైరెక్టరు పరాంకుశం గారు ఒక అంతర్జాతీయ సదస్సుకు వెళ్ళారు. వెళ్ళేటప్పుడు మామూలు మనిషే. తిరిగి వచ్చాక మాత్రం పెరుగన్నంలోకి వచ్చినా డేటా మాట వదిలేవారు కాదు. మట్టి తడిపి, కాల్చి, పగలగొట్టి చూసే పాత కాలం పోయిందనీ, పింగాణీల వివరాలన్నీ కంప్యూటర్లో పోస్తే ఏది ఎప్పుడు పగులుతుందో అదే ముందుగా చెప్పేస్తుందనీ సిబ్బంది అందరినీ కూర్చోబెట్టి వివరించారు. ఆ ప్రోగ్రాముకు మృణ్మయి అని తామే పేరు పెట్టి, కంప్యూటరుకు పసుపు కుంకుమలు అద్ది, కొబ్బరికాయ కొట్టారు. నీళ్ళు కొన్ని కీబోర్డు మీద పడ్డాయి గానీ అది శుభసూచకమే అన్నారు.

మృణ్మయి జోస్యం చెప్పాలంటే లక్ష రికార్డులు మేపాలట. సంస్థ పుట్టినప్పటి నుంచి చేసిన ప్రయోగాలన్నీ టైపు చేసినా నాలుగు వేలు దాటలేదు. ప్రధాన కార్యాలయం పెట్టిన గడువు ముంచుకొస్తోంది. అప్పుడు పరిపాలనాధికారి సదాశివం, పింగాణీ ఏదైనా పింగాణీయే కదా అనే సూత్రం కనిపెట్టాడు. దాంతో క్యాంటీన్లో పగిలిన సాసర్ల వివరాలు మృణ్మయిలోకి ఎక్కాయి. తర్వాత పగలని సాసర్లను పగలగొట్టి ఎక్కించారు. క్వార్టర్సులోని వాష్‌బేసిన్లు, కమోడ్లు, ఫ్యూజు కట్టలు, ఊరగాయ జాడీలు, స్టోర్సు గుమాస్తా అత్తగారి పూజగదిలో ఉండిన పింగాణీ ఏనుగు కూడా ఎక్కాయి. లక్ష నిండింది. కాకపోతే అందులో మూడొంతులు సాసర్లే కావడం వల్ల మృణ్మయికి లోకంలోని పింగాణీ మొత్తం మీద ఒక అభిప్రాయం స్థిరపడిపోయింది. ఏ మిశ్రమం గురించి అడిగినా, ఇదిగో అదిగో అనేలోపు పగిలిపోతుందని చెప్పేది.

ఇంకో చిక్కు కూడా ఉండేది. పొదుపు కోసం సిబ్బంది హాజరు చూసే పాత ప్రోగ్రామునే శీర్షిక మార్చి మృణ్మయిగా తయారు చేయించారు. అందువల్ల చిన్న గులకరాయిని నమోదు చేయాలన్నా ఉద్యోగిని చేర్చుకున్నట్టే చేర్చుకోవాలి. ఓబుళపతి తన రింగును నమోదు చేస్తూ, పుట్టిన తేదీ దగ్గర ఫర్నేసు తెరిచిన తేదీ వేశాడు. పుట్టుమచ్చల దగ్గర, కుడి అంచున తెల్లచుక్క అని రాశాడు. పెళ్ళి కాలేదన్నాడు. తండ్రి పేరు ఖాళీగా వదిలితే మాత్రం మృణ్మయి ముందుకు కదలలేదు. చాలాసేపు బుర్ర గోక్కుని, చివరికి తన పేరే రాసుకున్నాడు. ఇంటికి వచ్చి ఈ సంగతి చెబితే భార్య హైమావతి, పిల్లాడు ఎవరి పోలిక అని మాత్రం అడిగింది.

మృణ్మయి రింగు జాతకం చూసి, ఇసుక నీళ్ళలో తిరిగితే నలభై గంటల్లో పగులును అని చెప్పింది.

అదే వారంలో ప్రధాన కార్యాలయం నుంచి ఒక సర్క్యులర్ వచ్చింది. ఏ సంస్థ జోస్యాలు నూటికి నూరుపాళ్ళు నిజమవుతాయో ఆ సంస్థకు ఉత్తమ డేటా సంస్థగా పురస్కారం ఇస్తారట. పరాంకుశం గారు దాన్ని కళ్ళకద్దుకుని, దానికింద తమ సొంత సర్క్యులర్ ఒకటి జారీ చేశారు. ఇకపై సంస్థలోని నమూనాలన్నీ మృణ్మయి సూచించిన ఫలితాలకు కట్టుబడి వర్తించవలెను అని. సిబ్బందికి మొదట అర్థం కాలేదు. తర్వాత ఒక్కో ప్రయోగశాలకు ఒక్కో చిన్న సుత్తి పంపిణీ అయ్యేసరికి అర్థమైంది. స్టోర్సు రికార్డుల్లో ఆ సుత్తి పేరు డేటా సవరణ పరికరం. జోస్యం చెప్పిన వేళకు పగలని నమూనాను దానితో సవరించాలి. అందరూ సవరించసాగారు. సాయంత్రాలు సంస్థ ఆవరణ కంసాలి వీధిలా మోగేది.

ఓబుళపతి షెడ్డులో, ఇసుక నీళ్ళ తొట్టిలోని మోటారుకు బిగించిన నల్ల రింగు తిరుగుతూనే ఉంది. నలభై గంటలు దాటాయి. అతను సుత్తి చేతిలోకి తీసుకున్నాడు. సర్క్యులరును ఇంతవరకు ఎన్నడూ ధిక్కరించిన మనిషి కాదు. మోటారు ఆపి, రింగును బయటికి తీసి తడి తుడిచి వెలుతురులో పెట్టి చూశాడు. ఒక్క గీత లేదు. తన మొహం అందులో కనిపిస్తోంది. ఆ మొహం మీద సుత్తి వేయడానికి చేయి రాలేదు. రింగును మళ్ళీ మోటారులో బిగించి, స్విచ్చి వేసి, మృణ్మయిలో ఫలితం దగ్గర "ఇంకా తిరుగుతోంది" అని రాశాడు.

మర్నాడు డైరెక్టరు గది నుంచి కబురు వచ్చింది. పరాంకుశం గారు కోపంగా లేరు, బాధగా ఉన్నారు. మృణ్మయి పగులుతుందని చెప్పాక కూడా పగలకపోవడంలో ఆ రింగు ఉద్దేశమేమిటని అడిగారు. రింగుకు ఉద్దేశాలు ఉండవని ఓబుళపతి మనవి చేశాడు. మృణ్మయికి పెట్టిన మేతలో సాసర్లు ఎక్కువైపోయాయనీ, అది ఈ రింగును కూడా సాసరు కింద లెక్క కట్టిందనీ వివరించబోయాడు.

"సాసర్లను కించపరచవద్దు ఓబుళపతి గారూ. అవి ఇప్పుడు సాసర్లు కావు, డేటా" అన్నారు పరాంకుశం గారు.

పక్కనే నిలబడిన సదాశివం ఈలోగా మృణ్మయిని తెరిచి రింగు వివరాలు చూస్తున్నాడు. అతనికి పింగాణీ గురించి ఏమీ తెలియదు గానీ సర్వీసు నిబంధనలు కంఠోపాఠం. చేరిన తేదీ ఉంది, తండ్రి పేరు ఉంది, పుట్టుమచ్చ ఉంది. ఇంకేం కావాలి. ఉద్యోగి లాంటి ప్రతి లక్షణమూ ఉన్నప్పుడు ఉద్యోగి మీద తీసుకునే చర్యే తీసుకోవచ్చునన్నాడు. "పైగా ప్రొబేషన్ కూడా పూర్తి కాలేదండి" అన్నాడు, జాలిపడుతున్నట్టుగా.

ఆ మధ్యాహ్నమే షోకాజ్ నోటీసు తయారైంది. "నల్ల రింగు, తండ్రి ఓబుళపతి, అను నీవు, సంస్థ జారీ చేసిన ఫలితమునకు విరుద్ధముగా, నిర్ణీత కాలము గడచినను పగలక, ఉద్దేశపూర్వకముగా తిరుగుచు, సంస్థ ప్రతిష్ఠకు భంగము కలిగించినందుకు నీపై ఏల చర్య తీసుకొనరాదో వారము దినములలో సంజాయిషీ ఇచ్చుకొనవలెను" అని. నోటీసు అందినట్టు సంతకం పెట్టేవారెవరూ లేకపోవడంతో బంట్రోతు దాన్ని మోటారు మీద మైదాపిండితో అంటించి వెళ్ళాడు. రింగు తిరుగుతూనే ఉంది.

వారం గడిచినా సంజాయిషీ రాలేదు. గుర్తుచేస్తూ మరో నోటీసు పంపారు. దానికీ జవాబు లేదు. దీన్ని అహంకారంగా పరిగణించి సదాశివం రింగును సస్పెండ్ చేయించాడు. సస్పెన్షన్లో ఉన్నవారికి సగం భృతి ఇవ్వాలని నిబంధన కాబట్టి, ఆ రోజు నుంచి మోటారు తొట్టిలో సగం నీళ్ళే పోయమని ఆదేశించారు. నీళ్ళు తగ్గి ఇసుక చిక్కబడింది. రింగు దాన్నీ లెక్క చేయలేదు. దాంతో రెండో అభియోగం చేరింది: సస్పెన్షన్లో ఉండి కూడా విధులు నిర్వర్తించుట.

ఆ రోజుల్లోనే మస్తాన్ వచ్చాడు. మోటారు మీద ఒకదాని పైన ఒకటి అంటించిన కాగితాలు చూసి, దీని మీద ఏమైనా కేసు ఉందా అని అడిగాడు. పగలనందుకు విచారణ జరగబోతోందని ఓబుళపతి చెప్పాడు. మస్తాన్ వంగి, మోటారుకు చెవి ఆనించి రింగు తిరిగే చప్పుడు విన్నాడు.

"మా బోర్లల్లో పగిలిపోయేటివాటికి ఇంతవరకు ఎవురూ ఒక నోటీసు ఇయ్యలేదే సార్" అన్నాడు.

ఓబుళపతి జవాబుగా సర్క్యులరు చూపించాడు. మస్తాన్ దాన్ని రెండు చేతులా అందుకుని, తలకిందులుగా కాసేపు, నిలువుగా కాసేపు చూసి, భద్రంగా తిరిగి ఇచ్చేశాడు.

విచారణాధికారిగా వజ్రవేలు అనే విశ్రాంత తహసీల్దారును నియమించారు. సర్వీసులో ఉన్నంత కాలం ఎందరి మీదనో విచారణలు నడిపి, రిటైరయ్యాక పొద్దు పోక అల్లాడుతున్న పెద్దమనిషి. నిందితుడు ఒక చిన్న రింగు అని తెలిసినా ఆయన ఏమీ అనుకోలేదు. వెనక ఒక గ్రామంలో గేదె మీద కూడా విచారణ చేశానన్నారు. రింగును మోటారు నుంచి విప్పి, స్టీలు పళ్ళెంలో పెట్టి, హాలులోకి తెచ్చి కుర్చీలో కూర్చోబెట్టారు. కనిపించడం లేదని కింద దిండు వేశారు. ఆరోపణలు చదివేది సదాశివం. రింగు తరఫున సహాయకుడిగా, తండ్రి కాబట్టి, ఓబుళపతి నిలబడ్డాడు.

నేరం ఒప్పుకుంటావా అని వజ్రవేలు రింగును మూడుసార్లు అడిగి, "నిందితుడు మౌనము వహించెను" అని రాయించారు. ఆ తర్వాత కళ్ళజోడు పైకి జరిపి రింగును తేరిపార చూశారు.

"ముప్పై ఏండ్లుగా విచారణలు చేస్తాండా. ఏడవకుండా, గుండెనొప్పి అనకుండా, ఎమ్మెల్యే సిఫార్సు తేకుండా కూర్చున్న మనిషిని ఇప్పుడే చూస్తాండా" అన్నారు మెచ్చుకోలుగా.

ఆ మెచ్చుకోలు చూసి ఓబుళపతికి ధైర్యం వచ్చింది. మొదటిరోజంతా సైన్సు చెప్పాడు. సిలికాన్ కార్బైడు ఎంత గట్టిదో చెప్పాడు, గ్రాఫులు గోడకు అతికించాడు, ఒక సాసరునూ ఒక పాత రింగునూ తెచ్చి రెండింటికీ ఉన్న తేడా చూపించాడు. భోజనాల తర్వాత వజ్రవేలు కళ్ళు మూసుకుని వినసాగారు. కొంతసేపటికి గురక కూడా వినిపించింది. సదాశివం లేచి, ఆ వస్తువు ఎందుకు పగల్లేదన్నది విచారణాంశం కాదనీ, పగలమన్న వేళకు పగిలిందా లేదా అన్నదొక్కటే విచారణాంశమనీ అడ్డుకున్నాడు. నేరం రుజువైంది కనుక నిబంధనల ప్రకారం సర్వీసు నుంచి తొలగించాలనీ, ఆ తొలగింపును ఇద్దరు సాక్షుల సమక్షంలో డేటా సవరణ పరికరంతో అమలు చేయాలనీ కోరాడు. వజ్రవేలు కళ్ళు తెరిచి, తీర్పు రేపు చెబుతానన్నారు. బంట్రోతు ఆ రాత్రికే సుత్తి తెచ్చి బల్ల మీద పెట్టాడు, రేపు మళ్ళీ వెతుక్కోవడం ఎందుకని.

ఇంటికి వచ్చిన ఓబుళపతి కంచం ముందు కూర్చుని అన్నం కెలుకుతున్నాడు. ఇంకో రింగు చేయలేడని కాదు. చేస్తే దాన్నీ కుర్చీలో కూర్చోబెడతారు. అన్నిటికీ దారి ఆ సుత్తి దగ్గరికే. మస్తాన్‌కు ఏమని చెప్పాలో తెలియడం లేదు. హైమావతి ఉన్నత పాఠశాలలో హిందీ టీచరు. సంగతంతా విని, మజ్జిగ పోస్తూ, ఇంతకీ అక్కడ మీరు ఏమని వాదించారని అడిగింది. సైన్సు చెప్పానన్నాడు.

"సర్కారు కచేరీలో సైన్సు ఎందుకు చెప్తారండీ. బతిమాలుకోవాల. పోయిన బదిలీలప్పుడు నాకు మోకాళ్ళ నొప్పులు, బస్సు లేని ఊరికి మాత్రం వేయొద్దని మా విద్యాధికారికి దండం పెట్టి చెప్పినాను. ఆ వారమే బస్సు లేని ఊరికి వేసినారు. దేన్ని వద్దంటామో వాళ్ళకు అదే తోస్తాది."

ఓబుళపతి చేతిలోని ముద్ద అట్లాగే నిలిచిపోయింది. తర్వాత అన్నమంతా తిన్నాడు, మళ్ళీ వడ్డించమన్నాడు.

మర్నాడు విచారణ మొదలుకాగానే అతను గ్రాఫులన్నీ గోడ మీద నుంచి పీకేశాడు. రింగు తరఫున నేరమంతా ఒప్పుకుంటున్నానన్నాడు. చిన్నవాడు, తెలియక పగలకుండా ఉండిపోయాడు, తండ్రిగా తప్పు తనదే అన్నాడు. ఏ శిక్ష వేసినా శిరసావహిస్తామన్నాడు.

"సుత్తి దెబ్బయినా సరే అయ్యా, ఒక్క వేటుతో పోతుంది. మస్తాన్ బాగు చేసే ఆ బోరు మోటార్లలోకి మాత్రం పంపకండి. తొమ్మిది వందల అడుగుల లోతు, చిమ్మచీకటి. చుట్టూ ఇసుక. కరెంటు ఎప్పుడొస్తుందో తెలియదు, వస్తే రాత్రీ పగలూ తిరగాలి. మన సంస్థ మొహం మళ్ళీ చూసే యోగం ఉండదు. అంత శిక్ష పగవాడికి కూడా వద్దు."

అబద్ధమాడటం అలవాటు లేని మనిషి కనుక గొంతు నిజంగానే వణికింది. కళ్ళు బల్ల మీది సుత్తి దగ్గరికి పోయేసరికి నీళ్ళు కూడా తిరిగాయి. వజ్రవేలు నిటారుగా కూర్చున్నారు. రెండు రోజుల విచారణలో మొదటిసారి ఆయనకు విచారణ చేస్తున్నట్టు అనిపించింది. సదాశివం వెంటనే డైరెక్టరు గదికి పరుగెత్తాడు. తలుపు వెనక కాసేపు గుసగుసలు సాగాయి. తిరిగి వచ్చినప్పుడు అతని మొహం కొత్త నిబంధన ఏదో కనిపెట్టినవాడి మొహంలా వెలిగిపోతోంది.

తీర్పు వచ్చింది. పరిపాలనా కారణముల దృష్ట్యా నల్ల రింగును తక్షణము గంగులప్ప అను రైతు బోరుబావికి, తొమ్మిది వందల అడుగుల లోతునకు బదిలీ చేయడమైనది. ప్రయాణ భృతికి అర్హత లేదు. బదిలీ రద్దు కోరుచు ఎట్టి సిఫార్సులు తెచ్చినను తీవ్రముగా పరిగణింపబడును. పరాంకుశం గారు సంతకం పెట్టి, వాణ్ణి శంకరగిరి మన్యాలు పట్టించామయ్యా అని తృప్తిగా నవ్వుకున్నారు. ఓబుళపతి తల వంచుకుని బయటికి వచ్చాడు. గేటు దాటేదాకా ఆ తల ఎత్తలేదు, మొహం కనిపిస్తే ప్రమాదం కనుక.

మస్తాన్ రింగును టిఫిన్ డబ్బాలో పెట్టుకుని మోపెడ్ మీద తీసుకుపోయాడు. గంగులప్ప మోటారులో బిగించి బోరులోకి దించారు. ఎండాకాలమంతా అది తిరిగింది. చుట్టుపక్కల బోర్ల మోటార్లు కాలిపోయి వరసగా పైకి లేస్తుంటే గంగులప్ప టమోటా తోట మాత్రం పచ్చగా కాసింది. ఒకరోజు మస్తాన్ షెడ్డుకు వచ్చాడు. ఎప్పుడూ గుమ్మంలో నిలబడేవాడు ఆ రోజు లోపలికి వచ్చి కూర్చున్నాడు. ఊర్లో ఎనిమిది మంది రైతులు అట్లాంటి రింగు కావాలంటున్నారన్నాడు.

మామూలుగా అయితే సంస్థలో తయారైన వస్తువు బయటికి పోవడానికి ఒక కమిటీ ఉంది. అది ఎన్నడూ సమావేశం కాలేదు, సభ్యుల్లో ఇద్దరు కాలం చేశారు. అన్నం పెట్టే దారి మూసుకుపోయి శిక్ష వేసే దారి ఒక్కటే తెరిచి ఉందని ఓబుళపతికి అర్థమైంది. ఎనిమిది రింగులు చేశాడు. ఎనిమిదింటికీ తండ్రి పేరు దగ్గర తన పేరే రాశాడు. మృణ్మయి యథాప్రకారం నలభై గంటలంది. ఎనిమిదీ పగల్లేదు. ఎనిమిది నోటీసులు వచ్చాయి. ఓబుళపతి ఎనిమిదింటి కోసం ఏడ్చాడు. ఎనిమిదీ బదిలీ అయ్యాయి. తర్వాత ఇరవై చేశాడు. తర్వాత లెక్క పెట్టడం మానేశాడు.

సంస్థలో క్రమశిక్షణా విభాగం అని కొత్తది వెలిసింది. సదాశివానికి ఇద్దరు గుమాస్తాలను ఇచ్చారు. నోటీసులు ముందే అచ్చు వేయించి పేరు దగ్గర మాత్రం ఖాళీ వదిలారు. వజ్రవేలుకు ఒక గదీ, పడక కుర్చీ ఏర్పాటయ్యాయి. ఆయన రింగులను తట్టల్లో వరసగా కూర్చోబెట్టించి, ఒకే తీర్పుతో తట్టెడు రింగులను పంపేసేవారు. ఓబుళపతి ఏడుపు కూడా పదునెక్కింది. మొదట్లో చీకటి గురించే చెప్పేవాడు, తర్వాత తేళ్ళ గురించి చెప్పసాగాడు. ఒకసారి వజ్రవేలే ఉండబట్టలేక, పోనీ వీటికి సుత్తే వేసేద్దామా అని జాలిపడితే అతని పై ప్రాణాలు పైనే పోయాయి. బోరులో పాములు కూడా ఉంటాయని చెప్పి ఎలాగో గట్టెక్కాడు.

విచిత్రమేమిటంటే ఇందులో అందరికన్నా సంతోషించింది పరాంకుశం గారే. బదిలీ అయిన రింగుల పేర్లు మృణ్మయి పట్టిక నుంచి తొలగిపోయేవి. పట్టికలో మిగిలినవన్నీ వేళకు పగిలిన నమూనాలే. దాంతో జోస్యాలు నూటికి నూరుపాళ్ళూ నిజమయ్యాయి. సంస్థకు పురస్కారం వచ్చింది. ఆ సందర్భంలో ఓబుళపతికి కూడా ఒక మెమో ఇచ్చారు. ఇంత మంది సంతానం క్రమశిక్షణ తప్పడానికి పెంపకంలోని లోపమే కారణమని సంస్థ భావిస్తున్నదనీ, ఇకనైనా జాగ్రత్త వహించవలెననీ. అతను అందినట్టు సంతకం పెట్టాడు. హైమావతి దాన్ని చదివి పడీ పడీ నవ్వింది. తర్వాత ఫ్రేము కట్టిద్దామంది.

అంతా సవ్యంగా సాగుతున్న రోజుల్లో ఒకనాడు మట్టి తట్టెడు రింగులు ఫర్నేసులో కాలుతుండగా కరెంటు పోయింది. సగం వేడిలో చల్లారిపోయిన ఆ తట్టలోని రింగులను పారేయాలనే ఓబుళపతి అనుకున్నాడు. ఎందుకైనా మంచిదని ఒకదాన్ని ఇసుక నీళ్ళలో తిప్పి చూశాడు. సరిగ్గా నలభై గంటలకు అది టక్కుమని మూడు ముక్కలైంది.

ఆ కబురు వినగానే పరాంకుశం గారు చెప్పులు వేసుకోవడం కూడా మరిచి షెడ్డుకు వచ్చారు. మూడు ముక్కలనూ చేతిలోకి తీసుకుని, ఇన్నాళ్ళకు ఒక్క బిడ్డయినా మాట విన్నాడు అన్నారు గద్గదంగా. ఆదర్శ రింగు అని బిరుదు ఇచ్చారు. హాలులో గాజు పెట్టె చేయించి, ముఖమలు గుడ్డ పరిచి, ముక్కలను అందులో ఉంచి, ప్రధాన కార్యాలయం నుంచి ముఖ్య అతిథిని రప్పించి సభ జరిపారు. రింగుకు పూలదండ వేశారు. సత్ప్రవర్తన పత్రం చదివారు. తండ్రిని వేదిక మీదికి పిలిచి శాలువా కప్పి, రెండు మాటలు మాట్లాడమన్నారు.

ఓబుళపతి మైకు ముందుకు వచ్చాడు. ఎదురుగా కుర్చీల్లో సంస్థ అంతా కూర్చుని ఉంది. ఎన్ని మంచి రింగులు దొంగల్లా తల వంచుకుని ఆ గేటు దాటి పోయాయో అతనికి గుర్తుకొచ్చింది. ఆ వేళ అతనికి అబద్ధం ఆడబుద్ధి కాలేదు.

"ఇందులో నా గొప్పతనం ఏమీ లేదండీ. మధ్యలో కరెంటు పోయింది, అంతే" అన్నాడు.

అతని వినయానికి హాలు చప్పట్లతో మారుమోగింది. కానీ ముందు వరసలో సదాశివం చప్పట్లు కొట్టకుండా జేబులోంచి పెన్ను తీసి ఏదో రాసుకోవడం చూసి ఓబుళపతికి భయం వేసింది.

అతని భయం నిజమే అయింది. మర్నాడే ఆదేశం వెలువడింది. ఆదర్శ రింగుల ఉత్పత్తి నిమిత్తము ఇకపై ప్రతి తట్ట కాలుచుండగా ఫర్నేసుకు విద్యుత్తు నిలిపివేయవలెను. అయితే ఆ పని సంస్థలోని వాళ్ళు సొంతంగా స్విచ్చి ఆపి చేయడానికి వీల్లేదు, స్విచ్చి ఆపే అధికారం ఎవరికీ అప్పగించలేదు కనుక. అందువల్ల ప్రతి మంగళవారం మధ్యాహ్నం రెండు గంటలకు తప్పకుండా కరెంటు తీయవలసిందిగా కరెంటు ఆఫీసుకు ఉత్తరం రాశారు.

ఓబుళపతి ఆ ఉత్తరానికి జవాబు వచ్చేదాకా తిండి సరిగా తినలేదు. రోజుకు నాలుగుసార్లు చెప్పకుండా పోయే కరెంటు, అడిగితే పోకుండా ఉంటుందా అని దిగులు. వచ్చే నెలకు మస్తాన్ ముప్పై రింగులు అడిగి ఉన్నాడు. ఆ ముప్పైకీ ఇక గాజు పెట్టే గతి అనుకున్నాడు. పదిహేను రోజులకు జవాబు వచ్చింది. సదాశివం దాన్ని చదివి, మొహం మాడ్చుకుని ఓబుళపతి చేతికిచ్చాడు.

"తమరు కోరిన దినమున, కోరిన సమయమునకు విద్యుత్తు నిలుపుటకు వీలుపడదని తెలియజేయుటకు చింతిస్తున్నాము. మా కార్యాలయము విద్యుత్తును ఎప్పుడు నిలుపునో ముందుగా తెలుపు ఆనవాయితీ లేదు. ఆ సంగతి మాకును తెలియదు."

ఓబుళపతి ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. షెడ్డుకు నడిచి వెళ్ళి, కరెంటు ఉందని చూసుకుని, ముప్పై రింగుల తట్టను ఫర్నేసులోకి తోసి తలుపు మూశాడు. తర్వాత బల్ల మీద కూర్చుని, ఈసారి విచారణలో తేళ్ళూ పాములూ కాక ఇంకేం చెప్పి ఏడవాలా అని ఆలోచించసాగాడు.